దత్తపుత్రుల దైవము

ఇరువదవ శతాబ్దిలో ఆంగ్ల సాహిత్యమున పుట్టిన కల్పిత జాతులలో మరుగుజ్జు జాతి మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1937లో వెలువరించిన 'ది హాబిట్' అను కథయందును, 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను బృహత్కథయందును ఈ జాతివారు కనబడుదురు. 2001 మొదలు 2003 వరకును, మరల 2012 మొదలు 2014 వరకును ఈ కథలు చలనచిత్రములై లోకమంతట ప్రదర్శింపబడినవి. 2022లో ఆరంభమైన ధారావాహిక తెలుగు మాటలతోడను మన ఇండ్లకు వచ్చినది. కావున భుజమున గొడ్డలి, నడుము వరకు గడ్డము గల ఈ పొట్టివారు మన పిల్లలకు క్రొత్తవారు కారు.

వీరి బంగారపు ఆశను, మొండితనమును, తీరని పగను అందరును ఎరుగుదురు. కాని వీరు ఎవరికి మ్రొక్కుదురు? చనిపోయిన పిమ్మట తాము ఏమగుదుమని నమ్ముదురు? ఈ ప్రశ్న వేయువారు తక్కువ. నేటి ప్రసంగమున మేము ఈ ప్రశ్ననే ఎత్తుకొనుచున్నాము.

విద్యార్థి దశలో ఈ కథలను మొదట చదివినపుడు వీరికి దేవుడే లేడని మేము తలచితిమి. వీరి నగరములలో గుడి కానరాదు. పూజారి లేడు, ప్రతిమ లేదు, నైవేద్యము లేదు. యుద్ధమున వేయు కేకలో సైతము తమ గొడ్డండ్లను, తమ జాతిని తలచుకొందురు గాని దేవుని పేరెత్తరు. రాతిని తొలిచి, లోహమును కరగించి బ్రదుకు వీరికి రాయియే దైవమేమో అనిపించినది. మరల మరల చదివిన పిదప అది పొరపాటని తెలిసినది. వీరికి దైవము కలడు. ఆ దైవముతో వీరికి గల సంబంధము మాత్రము మిక్కిలి సున్నితమైనది. దానిని చెప్పుటకు మన భాషలో చక్కని మాట యున్నది. ఆ మాట దత్తత.

కథకు పోవుటకు ముందు పేరును గూర్చి ఒక మాట. మరుగుజ్జు అనుట మన వాడుకలో గౌరవమైన పిలుపు కాదు. ఈ జాతివారును ఇతరులు పెట్టిన పేర్లను మెచ్చరు. వారు తమను ఖజాద్ అని చెప్పుకొందురు. అది తమ సృష్టికర్త పెట్టిన పేరని వారి నమ్మకము. మేమును ఇకమీదట ఖజాదులనియే పిలిచెదము.

టోల్కీన్ ఈ జాతిని శూన్యము నుండి పుట్టింపలేదు. ఉత్తర ఐరోపా ప్రాచీన గాథలను ఆయన జీవితమంతయు చదివినవాడు, చదువు చెప్పినవాడు. ఐస్‌లాండు భాషలోని 'వోలుస్పా' అను పురాతన కావ్యమున మరుగుజ్జుల పేర్ల పట్టిక ఒకటి కలదు. దురిన్, థోరిన్, ద్వాలిన్, బోంబుర్ మున్నగు పేర్లను ఆయన అందుండియే గ్రహించెను. పదుమూడవ శతాబ్దివాడైన స్నోర్రి స్టుర్లుసన్ తన గ్రంథమున వీరి పుట్టుకను చెప్పినాడు. యిమిర్ అను మహాకాయుని చంపి దేవతలు అతని దేహముతో లోకమును నిర్మించిరట. ఆ మాంసమున పుట్టిన పురుగులకు దేవతలు మనుష్యుల ఆకారమును, బుద్ధిని ఇచ్చిరట. వారే మరుగుజ్జులు. యిమిర్ కపాలమే ఆకాశము కాగా, దానిని నలుగురు మరుగుజ్జులు నాలుగు దిక్కుల నిలిచి మోయుచుందురట. మన పురాణములలోని దిగ్గజములు శ్రోతలకు తోచక మానవు.

ఆ గాథలలో మరుగుజ్జులు గొప్ప కమ్మరులు. థోర్ దేవుని సమ్మెట వారు చేసినదే. ఓడిన్ దేవుని ఈటెయు వారు చేసినదే. కాని పురుగుల నుండి పుట్టినవారని చెప్పి ఆ గాథలు ఊరకొన్నవి. వారి హృదయమున ఏ భక్తి యున్నదో చెప్పలేదు. టోల్కీన్ ఆ ఖాళీని పూరించెను. అక్కడ మరుగుజ్జులు దేవునికి సమ్మెట చేసి యిచ్చిరి. ఇక్కడ దేవుడే తన సమ్మెటను వారిమీద ఎత్తినాడు. ఆ కథ టోల్కీన్ మరణానంతరము ఆయన కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్ సంపాదకత్వమున 1977లో వెలువడిన 'ది సిల్మరిలియన్' అను గ్రంథమున కలదు.

ఆ లోకమునకు పరమేశ్వరుడు ఒక్కడే. అతని పేరు ఏరూ, అనగా ఒక్కడు. ఇలూవతార్ అనియు అందురు, అనగా అందరికిని తండ్రి. అతని క్రింద లోకపాలకులైన అధిదేవతలు కలరు. వారిలో మన్నును, రాతిని, లోహమును ఏలువాడు, సకల శిల్పములకు గురువు, ఔలే. ఇలూవతార్ తన సంతానముగా ఎల్ఫులను, మానవులను భూమిమీద పుట్టింప సంకల్పించెను. ఎప్పుడు పుట్టింతునో చెప్పలేదు. ఔలేకు ఓర్పు చాలకపోయెను. తాను నేర్చిన విద్యలను నేర్పుటకు శిష్యులు కావలెనను ఆశ అతనిని నిలువనీయలేదు. ఒక పర్వతము క్రింద, చీకటి మందిరమున, తోడి దేవతలకు తెలియకుండ అతడు ఏడుగురు మూలపురుషులను చేసెను. వారికి ఒక భాషను కల్పించి నేర్ప నారంభించెను.

ఇలూవతార్ కంటికి మరుగైన దేమున్నది? ఆయన స్వరము వినవచ్చినది. నీ అధికారమునకు మించిన పని ఏల చేసితివని అడిగినది. నీవు చేసిన వీరు కీలుబొమ్మలు, నీవు తలచినపుడు కదలుదురు, నీ తలపు వేరొకచోట నున్నపుడు కట్టెలవలె నిలుతురు, నీవు కోరినది ఇదియేనా అని తెలిపినది. ఔలే అబద్ధమాడలేదు. ఏలుటకు కాదు, ప్రేమించుటకును, నేర్పుటకును చేసితినని చెప్పుకొనెను. తండ్రి చేయు పనిని చూచి బిడ్డ ఆటలో అనుకరించినట్లు చేసితినే గాని పరిహాసముగా కాదని విన్నవించెను. వీరిని నీకే అర్పించుచున్నాను, నీ చిత్తము వచ్చినట్లు చేయుమనెను. పిమ్మట కన్నీరు కార్చుచు, తన పనిని తానే నాశనము చేయుటకు పెద్ద సమ్మెట నెత్తెను.

అపుడు ఆ ఏడుగురును జంకి వెనుకకు ఒదిగి, తలలు వంచి, కరుణింపుమని వేడుకొనిరి.

ఖజాదుల మతమంతయు ఈ ఒక్క క్షణమున ఇమిడియున్నదని మా అభిప్రాయము. కీలుబొమ్మ సమ్మెటకు జంకదు. జంకినవి, వేడుకొన్నవి, అనగా వారికి అప్పటికే సొంత ప్రాణము వచ్చినది. ఔలే అర్పించిన మరుక్షణమే ఇలూవతార్ స్వీకరించి వారికి జీవము నిచ్చినాడు. కొట్టుటకు ఎత్తిన చేయి దిగిపోయినది.

మన దేశమున దత్తత జరుగునపుడు మంత్రముల కంటె ముఖ్యమైనది ఇచ్చుట, పుచ్చుకొనుట. కన్న తండ్రి తన చేతులతో ఇయ్యవలెను, పెంచుకొను తండ్రి తన చేతులతో పుచ్చుకొనవలెను. అది లేనిదే దత్తత చెల్లదు. ఈ కథలో జరిగినదియు అదియే. ఇలూవతార్‌కు ఎల్ఫులును, మానవులును ఔరసులు. ఖజాదులు దత్తులు. దత్తపుత్రులని టోల్కీన్ ఆయన నోటనే పలికించినాడు. ఒక నియమము మాత్రము విధింపబడినది. ఎల్ఫులే జ్యేష్ఠులు కావలెను గనుక, వారు మేల్కొనువరకు ఈ ఏడుగురును రాతి క్రింద నిద్రింపవలెను. ముందుగా రూపొందినవారు వెనుక మేల్కొనిరి. ఔరసులకును దత్తులకును తగవులు కలుగుననియు ఆయన ముందే చెప్పినాడు. కథలో ఆ మాట తప్పలేదు.

ఔలే భార్యయగు యవన్నా వృక్షములకును, పండు పంటలకును అధిదేవత. నీ బిడ్డలు నా చెట్లను దయలేక నరుకుదురని ఆమె భర్తతో వాదించినది. ఆమె మొర ఫలితముగనే చెట్లను కాచు ఎంట్ జాతి పుట్టినది. ఆమె ఆ శుభవార్త చెప్పగా, ఎట్లున్నను నా వారికి కట్టె కావలసి వచ్చునని పలికి ఔలే తన కొలిమి పనిలో మునిగెను. పురాణ దంపతుల ఇంట సైతము మన ఇండ్ల మాటలే వినబడుచున్నవి.

ఖజాదులు ఔలేను తమ భాషలో మహల్ అందురు. మన వాడుకలోని మహలుతో ఈ పేరునకు చుట్టరికము లేదు. గమనింపదగిన దేమనగా, జీవము నిచ్చినవాడు ఇలూవతార్. అయినను వీరి నాలుకమీద ముందుగా నిలుచు పేరు మహల్. పెంచుకొన్న తండ్రి ఐశ్వర్యవంతుడే కావచ్చును, న్యాయము గలవాడే కావచ్చును. తమకై సమ్మెట పట్టి ఏడ్చిన తండ్రిని బిడ్డలు మరవగలరా?

మహల్ వారిని గట్టివారిగా చేసెను. ఆ కాలమున మెల్కోర్ అను దుష్టశక్తి భూమిని ఏలుచుండెను గనుక, ఆకలికి, శ్రమకు, గాయమునకు ఓర్చునట్లు, పరుల ఇచ్ఛకు లొంగనట్లు మలచెను. ఈ నమ్మకము కథ నడకకును కారణమైనది. సౌరోన్ అను మాయావి అధికారపు ఉంగరములను పంచిపెట్టినపుడు మానవ రాజులు తొమ్మండుగురు అతని బానిస ఛాయలైరి. ఏడు ఉంగరములు ధరించిన ఖజాదు ప్రభువులు మాత్రము వశము కాలేదు. కాని బంగారముమీది ఆశ వారిలో నిప్పువలె రగిలినది. సృష్టికర్త ఇచ్చిన గట్టితనము బానిసత్వము నుండి కాచినది గాని లోభము నుండి కాచలేదు.

ఇక మరణమును గూర్చి. ఇచ్చట రెండు సాక్ష్యములు కలవు. ఎల్ఫులు చెప్పునది ఒకటి: ఖజాదులు రాతి నుండి వచ్చిరి, చచ్చి రాతిలోనే కలియుదురు, అంతతో సరి. ఖజాదులు చెప్పునది వేరొకటి: మహల్ మమ్ము విడువడు. మృతులు చేరు మాండోస్ లోకమున మాకై వేరుగ మందిరములు ఏర్పరచి మమ్ము అందు చేర్చును. లోకాంతమున ఇలూవతార్ మమ్మును పావనము చేసి తన సంతానము నడుమ చోటిచ్చును. కడపటి యుద్ధము ముగిసిన పిదప పాడైన లోకమును తిరిగి కట్టుటలో మహల్‌కు తోడుపడుటయే మా పని.

వీరు కోరు మోక్షము ఎట్టిదో చూచితిరి కదా! అందు విశ్రాంతి లేదు, భోగము లేదు. పని యున్నది. విరిగిన దానిని బాగుచేయు పని. శిల్పి కులమునకు ఇంతకంటె తగిన స్వర్గము వేరొకటి ఉండదు.

ఈ రెండు సాక్ష్యముల వెనుక టోల్కీన్ వ్రాతల చరిత్ర ఒకటి కలదు. 1930లలో ఆయన వ్రాసికొన్న ప్రతులలో ఈ జాతికి ఆత్మ లేదనియు, వారు వచ్చిన రాతికే మరలిపోవుదురనియు ఉన్నది. అక్కడ అది గ్రంథకర్త మాట. పిమ్మటి ప్రతులలో అదే మాట ఎల్ఫుల నోటి మాటగా మారినది. దాని ప్రక్కన ఖజాదుల మాట వచ్చి నిలిచినది. మొదట తీర్పుగా నున్నది తుదకు పొరుగువారి అపోహగా మిగిలినది. 1955 నాటి అనుబంధములలోనే వీరు రాతి నుండి మొలచుదురనుట మానవుల తెలివితక్కువ తలపని ఆయన త్రోసివేసినాడు. ఒక జాతి పరలోకమును గూర్చి ఆ జాతిని అడుగకయే పొరుగువారు తీర్పు చెప్పుట మన లోకమునను లేకపోలేదు.

పొరుగువారికి తెలియకపోవుటకు ఖజాదులును కొంత కారణము. వారు తమ భాషను పరులకు నేర్పరు. ప్రతివానికిని లోపలి పేరు ఒకటి యుండును. దానిని అన్యులకు చెప్పరు, గోరీమీదనైనను చెక్కరు. బాలిన్ సమాధిమీద మనము చదువునది అతని బయటి పేరే. టోల్కీన్ ఈ భాషను హీబ్రూ మున్నగు సెమిటిక్ భాషల తీరున నిర్మించెను. తామున్న దేశపు భాషను మాటలాడుచు, సొంత భాష యాసను విడువని యూదులను ఈ జాతి తలపునకు తెచ్చునని 1955లో ఒక లేఖలో వ్రాసినాడు. ఇల్లు పోగొట్టుకొని పరదేశమున బ్రదుకువారికి రహస్యమే గుడి, భాషయే గర్భాలయము.

ఏడుగురు మూలపురుషులు తమ వంశములలోనే మరల పుట్టి, తమ పూర్వ నామములనే ధరింతురని ఖజాదుల మరియొక విశ్వాసము. వారిలో పెద్దవాడు దురిన్. మిక్కిలి దీర్ఘకాలము జీవించినందున అతనిని మరణము లేనివాడనిరి. అతని పోలికతో పుట్టిన వారసునకు అదే పేరు పెట్టిరి. ఆరవ దురిన్ ఖజాద్‌దూమ్ అను భూగర్భ నగరమున రాజుగా నుండెను. మిత్రిల్ అను అపూర్వ లోహమునకై లోతుగా త్రవ్వగా బాల్రోగ్ అను అగ్నిభూతము లేచినది. కథలోని తృతీయ యుగమున 1980వ సంవత్సరమున ఆ రాజు దానిచేత చచ్చెను. జనులు నగరమును విడిచిరి. ఏడవ దురిన్ వచ్చును, అతడే కడపటివాడు అని వంశవృక్షము చెప్పుచున్నది. ఇల్లు విడిచినవారు మరల వచ్చు పూర్వపురుషుని కొరకు ఎదురుచూచుటలో ఎంత ఓదార్పు కలదో చెప్పనక్కరలేదు.

వీరికి గుడి లేదంటిమి గాని తీర్థము మాత్రము కలదు. ఖజాద్‌దూమ్ తూర్పు వాకిట కొండల నడుమ ఒక సరస్సు. మొదటి దురిన్ అందు తొంగి చూడగా తన తలచుట్టు నక్షత్రములు కిరీటమువలె తోచెనట. అందు చూచువారికి తమ ముఖము కనబడదు, పట్టపగలు సైతము నక్షత్రములే కనబడును. గిమ్లీ అనువాడు మిత్రులతో ఆ నగరపు చీకటి నుండి ప్రాణములు దక్కించుకొని బయటపడినపుడు, వెనుక శత్రువులు తరుముచున్నను, ఆ నీటిని చూడక కదలలేకపోయెను. అతడు మొక్కు పలుకలేదు. ఊరక చూచెను. ఆ చూపే పూజ.

అదే గిమ్లీ తరువాత ఒక కొండలో మెరయు గుహలను చూచెను. మీవారు త్రవ్వి పాడుచేయుదురేమో అని ఎల్ఫు మిత్రుడు సందేహింపగా అతడు నొచ్చుకొనెను. పూచిన తోపును తోటమాలి కాచినట్లు కాతుము, రోజంతయు చూచి చూచి ఒక చిన్న పెళ్ల రాల్తుము అను భావము వెలిబుచ్చెను. నాడు యవన్నా పడిన భయమునకు ఇది బిడ్డల సమాధానము. రాయి వారికి సరకు కాదు, తండ్రి చేతి వస్తువు.

ఈ విశ్వాసమునకు గడ్డు పరీక్ష ఒకటి వచ్చినది. ఖజాదులు తమ మృతులను రాతి సమాధులలోనే ఉంచుదురు, మట్టిలో పూడ్చరు. తృతీయ యుగమున 2799వ సంవత్సరమున అజానుల్బిజార్ లోయలో ఓర్క్ అను దుష్టజాతితో జరిగిన యుద్ధమున వారు గెలిచిరి. గెలిచినవారిలో పాటపాడువాడు లేకపోయెను. మృతులు లెక్కకు మిక్కిలి. అందరికిని సమాధులు తొలుచుటకు ఏండ్లు పట్టును. విడిచిపోయినచో మృగములును, ఓర్కులును తినును. అపుడు వారు ఆ లోయలోని చెట్లనన్నిటిని నరికి చితులు పేర్చి తమవారిని దహించిరి. ఆ లోయలో చెట్లు మరల మొలవలేదు. మనకు అగ్నిసంస్కారము సద్గతి. వారికి అది గుండె కోత. అయినను ఆ దగ్ధులను వారు తక్కువ చేయలేదు. మా తాత కాల్పబడినవారిలో ఒకడని మనుమలు తల యెత్తి చెప్పుకొనిరి. రాతిలో చోటు దొరకకున్నను తండ్రి మందిరమున చోటు పోదని వారు నమ్మిరి గనుకనే అట్లు చెప్పుకొనగలిగిరని మేము తలచుచున్నాము.

ఆ నమ్మకమును కన్నులకు కట్టించునది థోరిన్ మరణము. జీవితమంతయు పోయిన నిధి కొరకు తపించి, దాని కొరకు మిత్రుని సైతము దూషించిన ఆ రాజు, యుద్ధమున గాయపడి ప్రాణము విడుచుచు ఆ మిత్రుని పిలిపించి క్షమాపణ కోరెను. బంగారమును విడిచి, లోకము తిరిగి నూతనమగువరకు తన పితరుల ప్రక్కన నిరీక్షణ మందిరములలో కూర్చుండుటకు పోవుచున్నానని చెప్పెను. ఇది 1937 నాటి పిల్లల కథలోని మాట. ఆత్మ లేదని వ్రాతప్రతులలో వ్రాసికొన్న ఆ చేయియే ఈ మాటను ఆ జాతివాని నోట పెట్టినది. పండితుని తీర్పు కంటె మరణించువాని ఆశయే తుదకు గెలిచినది.

టోల్కీన్ తండ్రి 1896లోను, తల్లి 1904లోను మరణించిరి. పండ్రెండేండ్ల బాలుని, అతని తమ్ముని బాధ్యతను ఒక క్రైస్తవ మతగురువు వహించెను. దత్తుల కథకు అదియే మూలమని మేము చెప్పము. తన ఇంట పుట్టని బిడ్డను నా వాడనుట ఎంతటి మాటయో ఆయన ఎరుగునని మాత్రము చెప్పవచ్చును.

నాకును చోటున్నదా అని ప్రతి దత్తుని మనస్సులోను ఒక ప్రశ్న యుండును. బయటికి అడుగడు. ఖజాదులును అడుగరు. పని చేయుచు, పేరు దాచుకొనుచు ఎదురుచూతురు. సమ్మెట ఎత్తిన దినముననే ఆ ప్రశ్నకు సమాధానము వచ్చినదని వారి విశ్వాసము. ఈ కథలను మీ ఇంటి పిల్లలు చదువునపుడు గొడ్డండ్ల గలగలను, బంగారపు మెరుగును దాటి, ఆ చీకటి మందిరమున దిగిన చేతిని గూర్చియు వారికి ఒక మాట చెప్పుడని కోరుచు విరమించుచున్నాము.